కక్షలు కూడా శరీరకార్యాలే

మా సంఘంలో బైబిల్లో పౌలు గలతీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 5వ అధ్యాయం మీద ప్రసంగం అంటే తాగుడు, వ్యభిచారం గురించే. తప్పక చెప్పాల్సినవే. కానీ 19 నుంచి 21 వరకు వచనాలను నెమ్మదిగా చదవండి. ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు: పౌలు పేర్కొన్న 15 శరీరకార్యాల్లో, అంటే పాపస్వభావం చేయించే పనుల్లో, ఎనిమిది ఇవే! ఇవన్నీ సారా కొట్టు దగ్గరకు వెళ్లకుండానే, తెల్లచీర కట్టుకుని మందిరంలో కూర్చునే చేయవచ్చు. పెద్దల ఎన్నిక తర్వాత రెండు కుటుంబాలు ప్రభురాత్రి భోజనంలో (క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పక్కపక్కనే ఉండి కూడా పలకరించుకోకపోవడం చూస్తే నాకు ఏడుపొస్తుంది. సున్నతి తప్పనిసరా కాదా అని చీలిపోతున్న గలతీయులకు, ఒకరినొకరు కరచుకుంటే నశించిపోతారని పౌలు 15వ వచనంలో హెచ్చరించి, ఆ వెంటనే 'ఆత్మానుసారముగా నడుచుకొనుడి' అన్నాడు.

అలా నడిచేవారిలో కనిపించే ఆత్మఫలమని పౌలు 22, 23 వచనాల్లో చెప్పిన దీర్ఘశాంతము, సాత్వికము ఒంటరిగా ప్రార్థించుకునే గదిలో ఎలా తెలుస్తాయి? మనల్ని నొప్పించిన మనిషి ఎదురైనప్పుడే కదా! అందుకే మా స్త్రీల కూటంలో ఈసారి 6వ అధ్యాయం మొదటి వచనం కూడా కలిపి చదివిస్తున్నాను. తప్పు చేసినవారిని సాత్వికంతో మంచిదారికి తేవడం ఆత్మసంబంధుల, అంటే దేవుని ఆత్మ నడిపింపులో ఉన్నవారి, పని అని అక్కడ స్పష్టంగా ఉంది. ఆ రెండు ఇళ్ల అక్కలనూ నేనే వెళ్లి పిలుస్తాను.