బరువు తూచే గదిలో అడిగిన ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉన్నప్పుడు, బుధవారం టీకాలకు వచ్చే తల్లులను ఇంటి పరిస్థితి గురించి కూడా అడిగే పద్ధతి పెట్టాలనుకున్నాను. 6, 10, 14 వారాలకు, తరువాత 9 నెలలకు బిడ్డను ఎత్తుకుని వచ్చే తల్లి, తనకు నిద్ర పట్టడం లేదనో, మనసు బాగాలేదనో మాత్రం ఆసుపత్రి గడప తొక్కదు.

కాన్పు తరువాత తల్లికి వచ్చే కుంగుబాటును గుర్తించడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలున్నాయి. టీకాల రోజు రద్దీలో అవన్నీ అందరినీ అడగడం అయ్యే పని కాదు. అందుకని గత రెండు వారాలుగా దిగులుగా ఉంటోందా, ఏ పని మీదా మనసు పోవడం లేదా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టి, ఏ ఒక్కదానికి అవునన్నా ఆ పదీ అడిగేవాళ్లం. తిండికి ఇబ్బంది, ఇంట్లో తాగుడు, ఎవరికైనా భయపడవలసి రావడం గురించి వేరుగా అడిగేవాళ్లం.

కోడలిని అడిగితే అత్తగారు జవాబు చెప్పడం అన్నిటికన్నా పెద్ద చిక్కయింది. దీనికి మా ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సు), బరువు తూచే యంత్రాన్ని లోపలి గదిలోకి మార్పించి, చోటు చాలదు కనుక తల్లి ఒక్కతే రావాలని చెప్పింది. "అందరినీ అడుగుతున్నామమ్మా" అన్న మాటతోనే ప్రశ్నలు మొదలయ్యేవి. జవాబులను తల్లీబిడ్డల కార్డు మీద రాయనిచ్చేవాణ్ణి కాదు, ఆ కార్డు ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. అలాగని అంతా రహస్యమని మాట ఇవ్వకూడదు. పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

బరువు పెరగని బిడ్డతో వచ్చిన ఒక తల్లి మొదట "బాగానే ఉన్నాను బాబూ" అంది. తిండి సంగతి అడిగేసరికి, భర్త చెన్నైలో కూలికి వెళ్లాడనీ, మామగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లే రోజు పొయ్యి వెలిగేది పొద్దుపోయాకేననీ చెప్పింది. ఎడిన్‌బరో పదిలో చివరి ప్రశ్న, అంటే తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించిన ప్రశ్న దగ్గర ఆమె కాదనలేదు. ఆ రోజే, బిడ్డ టీకా అవుతూనే, ఆశా కార్యకర్తను తోడిచ్చి శ్రీకాకుళం ఆసుపత్రికి పంపాం.

అలాంటి అవసరం లేనివారికి మానసిక ఆరోగ్య సహాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416, హింస ఉన్నచోట మహిళల హెల్ప్‌లైన్ 181 చెప్పేవాళ్లం. తాగుడు విషయంలోనే మా పని ముందుకు సాగలేదు. ఆడవాళ్లు దాన్ని దాచరు, కానీ చికిత్సకు ఆ మనిషే రావాలి. టీకాల రోజు మా బెంచీల మీద మగవాళ్లు కనిపించేదే అరుదు.