తొమ్మిది ఓట్ల ఊరి నుంచి జార్జియాకు

మేం విశాఖలో విమానం ఎక్కేనాటికి అమెరికాలో ఎన్నికలు అయిపోయి వారం దాటింది. దోహాలో విమానం మారి, అట్లాంటాలో దిగి, బెల్లం దిమ్మ ఉన్న పెట్టె తనిఖీ దాటించుకుని బయటికొచ్చాం. కారెక్కగానే అమ్మాయి చెప్పిన మొదటి కబురు, "నాన్నా, మాకు మళ్ళీ ఎన్నికలు. డిసెంబర్ 6న. ఈసారి నేనూ ఓటేస్తున్నా."

దానికి ఆ ఏడాదే పౌరసత్వం వచ్చింది. ఓటరుగా పేరూ నమోదు చేయించుకుంది. కానీ 2022 నవంబర్ 8న ఆఫీసు పని మీద వేరే రాష్ట్రంలో ఉండిపోయి ఓటు వేయలేకపోయింది. ఆ రోజు జార్జియా రాష్ట్రం నుంచి అమెరికా ఎగువసభ అయిన సెనేట్ స్థానానికి డెమొక్రాట్ రఫాయెల్ వార్నాక్‌కు 49.4 శాతం, రిపబ్లికన్ హెర్షెల్ వాకర్‌కు 48.5 శాతం వచ్చాయి. మూడో అభ్యర్థి రెండు శాతం పట్టుకుపోయాడు. దాదాపు 39 లక్షల ఓట్లలో మొదటి ఇద్దరి మధ్య తేడా 38 వేల లోపే. ఎక్కువ ఓట్లు వచ్చినంత మాత్రాన జార్జియాలో గెలుపు కాదు, సగం దాటాలి. ఎవరూ దాటలేదు కాబట్టి మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ.

"38 వేలంటే తక్కువేనా నాన్నా?" అంది. మాది అనకాపల్లి. 1989లో మా లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గారు గెలిచింది 9 ఓట్లతో. దేశంలో అంతకన్నా తక్కువ తేడాతో ఎవరూ లోక్‌సభకు గెలవలేదు. 1998లో బీహార్‌లోని (ఇప్పుడు జార్ఖండ్) రాజ్‌మహల్‌లో మళ్ళీ అదే తొమ్మిది. మా ఊరి 1989 ఎన్నికలో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని. కాబట్టి తక్కువ తేడా అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా అమ్మాయి ఉండేది అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో. వీధిలో ఇల్లు విడిచి ఇల్లు తెలుగువాళ్ళదే. సాయంత్రం నడకకు వెళ్తే పోపు వాసన, కూచిపూడి నేర్చుకునే పిల్లల గజ్జెల చప్పుడు. 1912లో ఇదే కౌంటీ నుంచి నల్లజాతివాళ్ళందరినీ తరిమేశారని అల్లుడుగారు చెప్పినప్పుడు నేను కాసేపు నడవలేక ఆగిపోయాను. వెయ్యిమందికి పైగా మనుషులు ఇళ్ళూ పొలాలూ వదిలి పోయారట. ఇప్పుడక్కడ సెనేటు కోసం పోటీ పడుతున్న ఇద్దరూ నల్లజాతివాళ్ళే. ఇళ్ళముందు గడ్డిలో గుచ్చిన బోర్డుల మీద ఆ ఇద్దరి పేర్లే.

ఇంట్లో టీవీ పెడితే చాలు, వాళ్ళ ప్రకటనలే. తపాలా డబ్బా నిండా రంగుల కార్డులు. ఆ ఏడాది దేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఖర్చయిన సెనేట్ పోటీ ఇదే. ఒక ఆదివారం తలుపు కొట్టిన కుర్రాడు తెలుగులో "నమస్కారం అంకుల్" అన్నాడు. ఏ పార్టీ తరఫున వచ్చాడో ఇక్కడ రాయను. ముప్పై ఇళ్ళు తిరిగి, ఇంకా ఇరవై ఉన్నాయన్నాడు. మా ఆవిడ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. మనవాళ్ళ గుమ్మం దాకా వచ్చి ఓటడగాల్సిన అవసరం ఇంతకుముందు ఎవరికీ కలగలేదట. పోటీ ఇంత బిగిసింది కాబట్టే ఆ కుర్రాడు మా గడప ఎక్కాడు. నాకది చాలా నచ్చింది.

మన రాజ్యసభను చూసి సెనేటును అర్థం చేసుకోబోయాను గానీ పొసగలేదు. మన దగ్గర రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఒకప్పుడు అక్కడా అంతే. 1913లో రాజ్యాంగాన్ని సవరించి ఆ పని ప్రజల చేతికిచ్చారు. రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా రెండే స్థానాలు, ఆరేళ్ళ పదవి. కోటికి పైగా జనమున్న జార్జియాకూ రెండే.

సగం దాటాలన్న నిబంధన వినడానికి న్యాయంగానే ఉంటుంది. 1964లో వచ్చిన ఆ చట్టం వెనక మాత్రం వేరే లెక్క ఉంది. తెల్లవాళ్ళ ఓట్లు నలుగురైదుగురి మధ్య చీలి, నల్లవాళ్ళ ఓట్లన్నీ ఒకడికే పడితే అతను గెలిచేస్తాడన్న భయం అది. దాన్ని తెచ్చిన శాసనసభ్యుడు డెన్మార్క్ గ్రూవర్ తన ఉద్దేశంలో జాతి ద్వేషం ఉందని తర్వాతెప్పుడో తానే ఒప్పుకున్నాడు. అలాంటి చట్టమే అరవై ఏళ్ళు తిరక్కుండా ఇద్దరు నల్లజాతివాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టింది.

థాంక్స్‌గివింగ్ పండగకు ముందు శనివారం ఆబర్న్ అవెన్యూకు తీసుకెళ్ళారు. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లూ, ఆయనా తండ్రీ పాస్టర్లుగా ఉన్న ఎబెనీజర్ బాప్టిస్టు చర్చీ ఆ వీధిలోనే. 2005 నుంచి ఆ చర్చికి వార్నాక్ పాస్టర్. నీళ్ళ మధ్య తెల్లరాతి సమాధిలో కింగ్ దంపతులు. ఆ ఆవరణలోనే గాంధీగారి విగ్రహం, కర్ర పట్టుకుని నడుస్తూ. మనవడు విగ్రహం పక్కన నిలబడి "తాతయ్యా, ఈయన ఇక్కడికొచ్చాడా?" అన్నాడు. ఈయన రాలేదు, కింగే 1959లో మన దేశం వచ్చాడని చెప్పాను.

ఆ ముందురోజే కోర్టులో ఒక తీర్పు వచ్చింది. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ముందస్తు ఓటింగ్ పెట్టొచ్చా, కూడదా అని గొడవ. దానికి ముందురోజు రాష్ట్ర సెలవు కాబట్టి చట్టం ఒప్పుకోదని అధికారులన్నారు. ఆ సెలవు ఎవరి పేరు మీద మొదలైందని అడిగితే, అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన సైన్యాన్ని నడిపిన రాబర్ట్ లీ జయంతి అట. పేరు తీసేశారు, సెలవు మాత్రం ఉంది. కింగ్ సమాధి ముందు నిలబడి ఆ మాట విన్నాను. శనివారం ఓటింగ్ పెట్టుకోవచ్చని కోర్టు చెప్పింది. పైకోర్టూ కాదనలేదు. కొన్ని కౌంటీలు పెట్టాయి.

పండగ మర్నాడు సవానా బయల్దేరాం. అల్లుడుగారిని ఒక కోరిక కోరాను. దారిలో కాస్త పక్కకు తిరిగితే రైట్స్‌విల్ వస్తుంది, వాకర్ పెరిగిన ఊరు. వార్నాక్ పుట్టింది సవానాలో. ఇద్దరి ఊళ్ళూ ఒకే ప్రయాణంలో చూడొచ్చు.

మేకన్ దాటాక రోడ్డుకు రెండువైపులా పైన్ చెట్లు, మధ్యమధ్య కోసేసిన పత్తి చేలు. తెల్లటి పీచు రోడ్డు అంచుల్లో అంటుకుని ఉంది. రైట్స్‌విల్ మన మండల కేంద్రం కన్నా చిన్నది. కోర్టు భవనం, మూతపడ్డ కొన్ని దుకాణాలు, నిశ్శబ్దం. ఏడుగురు పిల్లలున్న పేద ఇంట్లో పుట్టిన కుర్రాడు ఇక్కడి నుంచి జార్జియా విశ్వవిద్యాలయానికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికెళ్ళి, 1982లో కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్ళకిచ్చే అతి పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ తెచ్చాడు. పెట్రోలు బంకులో డబ్బులు తీసుకున్న పెద్దావిడ మేం ఎందుకొచ్చామో విని నవ్వి, "అతను మా పిల్లాడు" అంది. ఓటెవరికని అడగలేదు. ఆ మాటలోనే ఉంది.

సవానా అందం మీద ఎంతైనా రాయొచ్చు, కానీ నా మనసు అక్కడ లేదు. ఓక్ చెట్ల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు, 1733లో ఓగల్‌థోర్ప్ గీసిన గళ్ళ ఊరు, నీడ పట్టిన చౌకాలు, అన్నీ చూశాం. వార్నాక్ పన్నెండుమంది పిల్లల్లో పదకొండోవాడు. ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్ళలో పెరిగాడు. వాళ్ళమ్మ చిన్నప్పుడు కూలికి పత్తి తీసింది. 2021 జనవరిలో మొదటిసారి గెలిచిన రాత్రి, ఒకప్పుడు పరాయివాళ్ళ పత్తి ఏరిన చేతులే ఇవాళ తన కొడుకును సెనేటర్‌గా ఎన్నుకున్నాయని ఆయన చెప్పాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అవే పత్తి చేలు. ఇద్దరి బాల్యాలకూ మధ్య సుమారు రెండు గంటల దూరమే.

డిసెంబర్ 2 శుక్రవారం, ముందస్తు ఓటింగ్‌కు ఆఖరి రోజు. ఆ వారం సోమవారం ఒక్కరోజే రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా ఓటేశారు. 2021లో తెచ్చిన చట్టం రెండో విడతకు తొమ్మిది వారాల గడువును నాలుగుకు కుదించింది. దాంతో ముందస్తు ఓటుకు చాలాచోట్ల మిగిలినవి ఐదంటే ఐదు రోజులు. అమ్మాయి ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టింది. నేనూ వెంట వెళ్ళాను. వరస భవనం చుట్టూ తిరిగి కార్లు ఆపే చోటు దాకా వచ్చింది. నేను ఓటరును కాను కాబట్టి దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. వరసలో నా వయసే ఉన్న ఒకాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా సంచిలో నీళ్ళ సీసా ఉంది. ఇద్దామని లేచాను. అమ్మాయి దూరం నుంచే చేత్తో వద్దని సైగ చేసింది. వరసలో ఉన్న ఓటరుకు నీళ్ళివ్వడం కూడా అదే చట్టం కింద నేరమట. దాహానికి నీళ్ళివ్వడం తప్పని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. సీసా సంచిలో పెట్టేసి కూర్చున్నాను. ఇప్పటికీ ఆ కష్టం పోలేదు.

ఆ బెంచీ మీదే 1989 గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎప్పుడూ ఉన్నదే. నాకప్పుడు ముప్పై ఒకటి. అనకాపల్లి దగ్గరి ఒక పల్లెలో బడిలో బూత్. పద్దెనిమిదేళ్ళవాళ్ళకు మొదటిసారి ఓటొచ్చిన ఎన్నిక అది. అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి రెండేసి కాగితాలు, రెండు పెట్టెలు. వేళ ముగిసే సమయానికి వరసలో ఉన్నవాళ్ళకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి సంతకం చేసిన చీటీలిచ్చాను. నిబంధన అదే. చీటీలన్నీ ఇచ్చాక ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. చెరకు గానుగ ఆడే కాలం. దాని మీంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ దిగి పరుగెత్తుకొచ్చారు. "మేస్టారూ, గానుగ కాడ పని తెమల్లేదండి. ఎలాగోలాగ ఏయించుకోండి" అని బతిమాలారు. టైం అయిపోయిందన్నాను. తప్పు చేయలేదు. వాళ్ళు కాసేపు నిలబడి, బండెక్కి వెళ్ళిపోయారు.

లెక్కింపు అయ్యాక తొమ్మిది అని తెలిసింది. ఆ బండి మీద ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు. ఆరుగురా, పదిమందా? ముప్పై మూడేళ్ళుగా ఒక్కొక్క ముఖమూ తెచ్చుకుని లెక్కపెడుతూనే ఉన్నాను. ఐదుగురి దగ్గర ఆగిపోతుంది. వాళ్ళెవరికి వేసేవాళ్ళో నాకు తెలియదు, అది నాకు అక్కర్లేదు కూడా. ఎందరన్నదే కావాలి.

గంటన్నర తర్వాత అమ్మాయి బయటికొచ్చింది. తెర మీద పేరు నొక్కితే కాగితం అచ్చై వస్తుందట, అది చదువుకుని యంత్రంలో పెట్టాలట. కాగితం ఉందన్నమాట వినగానే ప్రాణం లేచొచ్చింది. జాకెట్ మీద పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్. అది తీసి నా చొక్కాకు అంటించింది. ఎవరికి వేశావని నేనడగలేదు, అది చెప్పలేదు.

డిసెంబర్ 6 రాత్రి టీవీ ముందు అందరం కూర్చున్నాం. ఫోర్సైత్ లెక్కల్లో వాకర్‌దే పైచేయి. మొదట్లో ఒకసారి ఈయన ముందు, ఒకసారి ఆయన ముందు. అట్లాంటా చుట్టుపక్కల ఓట్లు పడేకొద్దీ వార్నాక్ ముందుకెళ్ళాడు. పదిన్నర ప్రాంతంలో గెలిచాడని ప్రకటించారు. చివరికి తేడా 99 వేల పైచిలుకు. వాకర్ వేదికెక్కి ఓటమిని ఒప్పుకున్నాడు. రెండేళ్ళ కిందట అధ్యక్ష ఎన్నికలో ఇదే రాష్ట్రంలో ట్రంప్ ఓడిన 11,779 ఓట్ల తేడా మీద దేశమంతా ఎంత రగిలిందో చూసినవాణ్ణి. ఆయన అంత తిన్నగా ఒప్పుకోవడం చూసి నాకు గౌరవం కలిగింది.

అదే రోజు సాయంత్రం మరో సంగతి జరిగింది. ఏడు గంటలకు పోలింగ్ ముగుస్తుంది. ఆరున్నరకు మనవణ్ణి వెంటబెట్టుకుని దగ్గర్లోని పోలింగ్ కేంద్రం దాకా నడిచాను. చలి. నూటయాభై అడుగుల అవతల, రోడ్డు పక్క నిలబడ్డాం. వరస లేదు, ఒకరిద్దరు వస్తూ పోతున్నారు. ఏడుకు మూడు నిమిషాలుండగా తలుపు దగ్గరికి ఒక అధికారిణి వచ్చి గడియారం చూసుకుంటూ నిలబడింది. నేనూ నా గడియారం చూసుకున్నాను. అప్పుడే ఒక పాత వ్యాను గేటులో తిరిగింది. తలుపులు వేయకుండానే దిగి పరుగెత్తారు. పని దుస్తుల్లోనే ఉన్నారు, ఒకరి నడుముకు వంటింటి ఏప్రన్ ఇంకా కట్టే ఉంది. అధికారిణి తలుపు వదలకుండా రెండో చేత్తో రండి రండి అని పిలిచింది.

"తాతయ్యా, చలేస్తోంది, పోదాం" అన్నాడు మనవడు.

ఆగమన్నాను. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. నలుగురు.