నాన్నగారి లీవరు రైఫిల్ బాగుపడిన వైనం (నా అనుభవం)

మా నాన్నగారి పాయింట్ టూటూ (0.22 అంగుళాల బోరు) లీవరు రైఫిల్ (ట్రిగ్గరు దగ్గరి పిడిని కిందికి లాగి మూస్తే తరువాతి తూటా ఎక్కే రకం) మొన్ననే కర్నూలు మిస్త్రీ దగ్గర నుంచి నా చేతికి వచ్చింది. నిన్న రేంజికి తీసుకెళ్లి, బ్యారెల్ కింది మ్యాగజైన్ గొట్టం నిండా తూటాలు వేసి, ఒక్కటి కూడా ఇరుక్కోకుండా కాల్చాను. ఆ సంతోషమూ, అంతకు ముందు ఒక దుకాణంలో నాకు జరిగిన అవమానమూ రెండూ మనసులో పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను. పాత లీవరు రైఫిళ్లు వారసత్వంగా వచ్చిన కుటుంబాలు మన కడప, కర్నూలు వైపు ఇంకా కొన్ని ఉన్నాయి. వాళ్లలో ఎవరూ మంచి తుపాకిని చెడిపోయిందనుకుని ఇనుము ధరకు వదులుకోకూడదని నా కోరిక.

లైసెన్సు సంగతి త్వరగా చెప్పేస్తాను. నాన్నగారు పోయిన తరువాత, 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం రైఫిల్‌ను పోలీసు స్టేషనులో అప్పగించాము. 2016 ఆయుధాల నియమాలలో వారసులకు లైసెన్సు ఇచ్చే వీలుంది కాబట్టి, అమ్మ, తమ్ముడు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితాలతో కలెక్టరేటులో నా పేర దరఖాస్తు పెట్టాను. విచారణకు వచ్చినవారు, వైద్య పరీక్ష చేసినవారు అందరూ మర్యాదగానే నడుచుకున్నారు. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరగడం వల్ల మళ్లీ మళ్లీ తిరిగే శ్రమ కూడా కొంత తగ్గింది.

అసలు కష్టం తుపాకి తిరిగి వచ్చాక మొదలైంది. రేంజిలో మొదటి తూటా చక్కగా పేలింది. లీవరు పూర్తిగా కిందికి లాగి మూయబోతే సగంలో ఆగిపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. రేంజి అధికారి సాయంతో, తుపాకి ముక్కు గురిదిబ్బ వైపే ఉంచి, గొట్టం ఖాళీ చేసి చూస్తే, క్యారియర్ (తూటాను పైకి లేపే పలక) మీద ఒక తూటా, దాని వెనకే గొట్టం నుంచి సగం బయటికి వచ్చిన మరో తూటా కనిపించాయి. ఇంకోసారి తూటా చాంబరులోకి (పేలే ముందు తూటా ఉండే బ్యారెల్ వెనక భాగం) దాదాపు పూర్తిగా వెళ్లి, చివర కొద్ది మిల్లీమీటర్ల దగ్గర మొండికేసింది. ఒకే తుపాకిలో రెండు రకాలుగా ఇరుక్కోవడం నన్ను నిజంగా అయోమయంలో పడేసింది.

చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారి చేతనే తుపాకి మరమ్మతు చేయించాలి కాబట్టి, బాగా పేరున్న ఒక ఆయుధాల దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం యజమాని లైసెన్సు పుస్తకంలోని నా ఫొటో, నా మొహం మార్చి మార్చి చూసి, "ఆడమనిషికి ఇది యాలమ్మా? ఇంట్లో మగోళ్లు ల్యారా? వాళ్లను పంపించు, మాట్లాడతా" అన్నాడు. అక్కడ కూర్చున్న నలుగురూ నవ్వారు. లోపం ఏమిటో నేను చెప్పడం మొదలుపెట్టేలోపే, "లీవరు సగమే లాగుతాంటావు, చేతిలో బలం లేక ఇరుక్కుంటాంది" అని తీర్పు ఇచ్చేశాడు. లీవరును పూర్తిగా లాగకపోతే తూటా ఇరుక్కుంటుందన్నది నిజమే, లీవరు రైఫిళ్లలో అది చాలా సాధారణమైన కారణం. అయితే ఆ మాట అనే ముందు చూడాలి కదా. నేను కాలేజీలో ఎన్‌సీసీ పాయింట్ టూటూ రైఫిల్‌తో కాల్చినప్పుడు మా బెటాలియన్‌లో అబ్బాయిల కంటే నా గ్రూపింగు (గుండ్లు పడిన గుర్తులు) దగ్గరగా వచ్చేది, ఆ టార్గెట్ కాగితాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. తుపాకిని ఎలా పట్టుకోవాలో నాకు నేర్పవలసిన అవసరం ఆయనకు లేదు.

తరువాత ఆయన చేసిన పని ఇంకా ఘోరమైనది. సొరుగులోంచి నిజమైన తూటాలు తీసి, మనుషులు కూర్చున్న దుకాణంలోనే గొట్టంలో వేసి, లీవరు ఆడించాడు. ఆయన చేతిలోనూ అది సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. దాన్ని వదిలించడానికి స్క్రూడ్రైవరు తీసుకుని తూటా అంచు కింద పెట్టి పైకి లేపబోయాడు. పాయింట్ టూటూ తూటాలో నిప్పు రాజేసే మందు, ఇత్తడి కేసు (తూటా గుల్ల) అడుగున అంచు చుట్టూ లోపల ఉంటుంది. పిన్ను కొట్టేది కూడా ఆ అంచునే. చాంబరులో పూర్తిగా దిగని తూటా అంచు మీద దెబ్బ పడి పేలితే, పట్టి ఉంచే గోడ లేక ఇత్తడి కేసు చీలి ముక్కలు కళ్లలోకి వస్తాయి. నేను వద్దని గట్టిగా అరిచాను. ఆయన నా మీదే విసుక్కుని, "ఇది పాత ఇనుము, క్యారియర్‌ను ఆకురాయితో అరగదీస్తే పోతే పోతుంది, ల్యాకుంటే నాకే అమ్ముకో" అని చాలా తక్కువ ధర చెప్పాడు. తుపాకి తీసుకుని వచ్చేశాను. తుపాకి పుచ్చుకున్నట్టు రసీదు కూడా రాయని ఆ మనిషి, అందులో లోపం ఏదో కనుక్కోకుండానే ఆకురాయి పెడతానన్నాడంటే, పని రాని చేతికి ఎంత ధైర్యం ఉంటుందో చూడండి. క్యారియర్ నుంచి ఒకసారి అరిగిన లోహం మళ్లీ అతుక్కోదు.

కర్నూలులో పెద్ద వయసు మిస్త్రీ ఒకాయన ఉన్నారని నాన్నగారి స్నేహితుడు చెప్పారు. ఆయన లైసెన్సు చూసి, పుస్తకంలో నమోదు చేసుకుని, మొదట అడిగిన మాట, "తూటా యాడ నిలబడుతుందమ్మా?" అని. నాకు ప్రాణం లేచి వచ్చింది. లీవరు రైఫిల్ ఇరుక్కుంటే అడగవలసిన ప్రశ్న అదే. లీవరు కిందికి వచ్చేటప్పుడు బోల్టు (చాంబరును వెనక నుంచి మూసే కడ్డీ) వెనక్కి జరుగుతుంది, కొక్కెం ఖాళీ కేసును లాగుతుంది, ఎజెక్టరు దాన్ని బయటికి తోస్తుంది. బ్యారెల్ కింది గొట్టంలో స్ప్రింగు తోసిన తూటా క్యారియర్ మీదికి వచ్చి పైకి లేస్తుంది. లీవరు మూసినప్పుడు బోల్టు దాన్ని చాంబరులోకి నెడుతుంది. ఒక్క తూటా మాత్రమే వచ్చేలా, రెండోదాన్ని గొట్టం నోటి దగ్గరే ఆపే చిన్న స్టాపు ఉంటుంది. వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే, లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ఆయన మందు లేని డమ్మీ తూటాలు వేసి, లీవరును చాలా నిదానంగా ఆడిస్తూ, టార్చి వెలుగులో నాకు ఒక్కొక్కటీ చూపించారు. స్టాపు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావడానికి బద్ధకించేది. ఆ ఆలస్యంలో రెండో తూటా జారి వచ్చి క్యారియర్‌కు అడ్డం పడేది. విప్పి చూస్తే లోపలంతా గోధుమరంగు జిగురు. నేను వాసన చూసి చెప్పాను, అది వేరుశనగ నూనె. స్టేషనులో ఉన్నప్పుడు తుప్పు పట్టకూడదని ఎవరో పూసినట్టున్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ వంటనూనె గాలికి చిక్కబడి బంకలా అంటుకుంటుంది. తుపాకిని ఎక్కడైనా అప్పగించేటప్పుడు తుపాకి నూనెను మీరే పలచగా పూసి, తుడిచి ఇవ్వండి, ఇంకేమీ పూయవద్దని రాసి కూడా ఇవ్వండి.

రెండో లోపానికి కారణం నాన్నగారి అలవాటులో దొరికింది. శబ్దం తక్కువని ఆయన చాలాకాలం షార్ట్ అనే పొట్టి రకం తూటాలే కాల్చేవారు. షార్ట్ కేసు పొడవు 10.7 మిల్లీమీటర్లు, లాంగ్ రైఫిల్ అనే పొడుగు రకం తూటా కేసు 15.6 మిల్లీమీటర్లు. షార్ట్ కేసు మూతి ముగిసే చోట, చాంబరు గోడ మీద మసి, సీసం వలయంలా పేరుకుంటాయి. ఆ తరువాత పొడుగు కేసు వేస్తే అక్కడ తట్టుకుని పూర్తిగా కూర్చోదు. మిస్త్రీగారు సాల్వెంటులో కాసేపు నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో ఓపికగా రుద్ది ఆ వలయాన్ని తీసేశారు. మ్యాగజైన్ లోపలి గొట్టానికి సొట్టలు ఉన్నాయేమో అని కూడా చూశారు, ఎందుకంటే సొట్ట ఉంటే తూటాలను తోసే ముక్క అక్కడ పట్టుకుని చివరి తూటాలు రావు. మా గొట్టం బాగానే ఉంది. ఆకురాయి ముట్టుకోనే లేదు.

పెద్ద బోరు లీవరు తుపాకులు ఉన్నవారికి ఆయన చెప్పినవి కూడా రాస్తున్నాను. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1892 లాంటివాటిలో తూటా మొత్తం పొడవే ముఖ్యం. పాయింట్ 44-40 అనే రకం తూటా దాదాపు 40 మిల్లీమీటర్లు దాటితే లోపల పట్టదు. మరికొన్ని మోడళ్లలో లీవరు కొస పదునుగా ఉండి క్యారియర్ అడుగున గాడి కోస్తుంది, అప్పుడు క్యారియర్ పైకి లేచే సమయం తప్పి రెండో తూటా అడ్డం పడుతుంది. ఇక కొస తేలిన గుండ్లను గొట్టపు మ్యాగజైన్‌లో ఎప్పుడూ వేయకూడదు. గొట్టంలో ఒకదాని ముక్కు ఇంకోదాని వెనక ఆనుకుని ఉంటుంది, అదిరినప్పుడు ముందున్న తూటా ప్రైమరు (వెనక మధ్యలో ఉండే, నిప్పు రాజేసే బిళ్ల) మీద ఆ కొస గుచ్చుకుని పేలవచ్చు. అందుకే వాటికి బల్లపరుపు ముక్కు తూటాలు చేస్తారు. గొట్టం ఖాళీ చేసినా క్యారియర్ మీద ఒక తూటా మిగిలి ఉండవచ్చు కాబట్టి, లీవరును రెండు మూడుసార్లు పూర్తిగా ఆడించి, చాంబరును కంటితో చూసి, వేలితో తడిమి గానీ తుపాకి ఖాళీ అనుకోకూడదు.

మిస్త్రీగారు అడిగిన కూలి న్యాయమైనది, రసీదు కూడా ఇచ్చారు. స్టాపు స్ప్రింగు వయసు మీదపడి కాస్త మెత్తబడిందని, దొరికితే మార్చమని చెప్పారు. దాని కోసం ఇద్దరు డీలర్లకు రాశాను. ఆ మొదటి దుకాణంలో నిజమైన తూటాలతో చేసిన పని గురించి లైసెన్సు ఇచ్చే అధికారికి ఫిర్యాదు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, ఆ రోజు నేనే వెళ్లి ఇస్తాను.