సింగపూర్ తోటపని, సింగ్‌నగర్ వాకిలి

సింగపూర్‌లో పనిచేస్తానంటే బెజవాడలో ఎవరైనా ముందు అడిగేది అమరావతి గురించే. 2015లో రాజధానికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చింది వాళ్లే కదా, ఆ కాలువలూ పార్కులూ ఇక్కడికి ఎప్పుడొస్తాయి అని. నేను ప్లాన్లు గీసే ఆఫీసులో లేను. గడ్డి కోసి, మట్టి తవ్వి, చెట్లకు కొమ్మలు కొట్టే కంపెనీలో సూపర్‌వైజర్‌ని. చీకటితోనే లారీ ఎక్కుతాం. వెనక తమిళ కుర్రాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు సగం నిద్రలో ఉంటారు. ఊరు లేచేసరికి మేం ఏదో ఒక అపార్టుమెంట్ల సముదాయంలో పార పట్టుకుని ఉంటాం. ఆ దేశం పచ్చగా ఉంటుందని మెచ్చుకునేవాళ్లు ఈ లారీని చూడరు. అది వేరే కథ.

అక్కడి ఎండ సంగతి చెబితే మనవాళ్లు నవ్వుతారు. 2023 మే 13న ఆంగ్ మో కియోలో 37 డిగ్రీలు నమోదై, 1983 నాటి రికార్డుతో సమానమైంది. ఫోన్లో ఆ మాట చెబితే మా బాబాయి, "ముప్పై ఏడేనా? మేలో ఆ మాత్రం ఉంటే చల్లబడిందనుకుంటాం" అన్నాడు. నిజమే, కాని అక్కడ గాలిలో తేమకు చెమట ఆరదు. అందుకే ఉష్ణోగ్రత ఒక్కటే చూడకుండా ఎండ, తేమ, గాలి కలిపి లెక్కగట్టే డబ్ల్యూబీజీటీ అనే కొలత పెట్టారు. అది 32 డిగ్రీలకు చేరితే బయట బరువు పని చేసేవాళ్లకు గంటకు కనీసం పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని 2023 అక్టోబరులో నిబంధన తెచ్చారు. ఆ మీటరు చూసి పని ఆపమనడం నా ఉద్యోగంలో ఒక భాగం. మే నెలలో మన రోడ్ల మీద తారు పోసేవాళ్లకు అలాంటి మీటరు పట్టుకుని నిలబడేవాడు ఎవరైనా ఉంటే బాగుండునని అప్పుడప్పుడు అనుకుంటాను.

నా చేతికి బాగా అలవాటైన పని వాననీటి మడుల సంరక్షణ. 2006లో అక్కడి నీటి సంస్థ 'యాక్టివ్, బ్యూటిఫుల్, క్లీన్ వాటర్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కాంక్రీటు కాలువలోకి నేరుగా పోయే వాననీటిని ముందు మొక్కల మడిలోకి మళ్లిస్తారు. పైనుంచి చూస్తే మామూలు పూలమడే. కాకపోతే చుట్టుపక్కల నేలకన్నా జానెడు లోతుగా ఉంటుంది. పై పొరలో ఇసుకపాలు ఎక్కువున్న మట్టి, దాని కింద ముతక ఇసుక, అడుగున కంకర, కంకరలో చిల్లుల పైపు. రోడ్డు అంచు రాయిని ఒకచోట కోసి వదిలితే నీళ్లు అందులోంచి మడిలోకి దిగుతాయి, కొన్ని గంటల్లో ఇంకిపోతాయి. ఇంకి తీరాలి కూడా. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు తొడగడానికి వారం చాలు, ఆ దేశంలో నిలవ నీటిలో దోమ పిల్లలు కనిపిస్తే జరిమానా వేస్తారు.

మడి మూసుకుపోయిందో లేదో పైకి చూస్తే తెలిసిపోతుంది. రోడ్డు మీది సన్నటి దుమ్ము నీళ్లతో కొట్టుకొచ్చి వేలి మందాన పేరుకుంటుంది. ఎండినప్పుడు పొలుసులుగా లేస్తుంది, తడిసినప్పుడు దాని మీద ఆకుపచ్చ జిగురు మెరుస్తుంది. ఆ పొలుసు గీకి తీసేస్తే మడి మళ్లీ నీళ్లు తాగుతుంది. డిజైన్ చేసినవాళ్లకు బహుమతులొస్తాయి. పొలుసు గీకేవాడు రెండు నెలలు రాకపోతే ఆ డిజైన్ దోమల తొట్టి అవుతుంది. తోటల గురించి ఎవరేం చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎవరు చూసుకుంటారు?

అక్కడ చూడాల్సిన చోటు అంటే బిషాన్ పార్కు. కల్లాంగ్ నది ఆ పార్కు పక్కగా 2.7 కిలోమీటర్ల పొడవున కాంక్రీటు కాలువలో పారేది. దాన్ని పగలగొట్టి, వంకలు తిప్పి, 3.2 కిలోమీటర్ల నదిగా పార్కు మధ్యలోంచి పారించారు. 2012లో తెరిచారు. గట్లు జారకుండా రాళ్ల సందుల్లో కొమ్మలు పాతి, వేళ్లతోనే కట్టుదిట్టం చేశారు. ఆ పద్ధతులన్నీ ముందు పార్కులోనే ఒక చిన్న కాలువ ముక్క మీద చేసి చూసుకున్నారు. వాన లేనప్పుడు పిల్లలు గట్టున ఆడతారు. పెద్ద వానొస్తే సైరన్ మోగుతుంది, జనం పైకి వెళ్తారు, పచ్చిక మీదికి నది వస్తుంది. వరదకు వదిలిన చోటే వాళ్లకు తోట.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి బెజవాడలో బాబాయి వాళ్లుండే సింగ్‌నగర్ మునిగినప్పుడు నేను సింగపూర్‌లో డ్యూటీలో ఉన్నాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతుంటే బాబాయి ఫోను కలవలేదు. వాళ్లు పై అంతస్తులో పక్కింటివాళ్లతో ఉన్నారు, క్షేమంగానే. సెలవు మీద వచ్చేసరికి గోడ మీద నీటి గీత ఇంకా పోలేదు. పెరట్లో గులాబీలు, తులసి, మామిడి మొక్క చచ్చిపోయాయి. మూలనున్న కానుగ మాత్రం ఏమీ ఎరగనట్టు కొత్త చిగురు వేసింది.

"ఒరేయ్, సింగపూర్ తోటలు వేసేవాడివి కదా, ఇక్కడో తోట వేసి పెట్టు, మళ్లీ వరద రాకుండా" అన్నాడు బాబాయి.

"తోట వేస్తాను బాబాయ్, వరద మాత్రం నా వల్ల కాదు" అన్నాను.

ఇంటింటా మడి తవ్వితే బుడమేరు ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నది మన మీదికి రాకుండా ఉండాలంటే దాని మునక భూమిని దానికి వదలాలి. బిషాన్‌లో చేసింది అదే, ఇక్కడ మనం ఇళ్లు కట్టేసింది ఆ మునక భూమిలోనే. మడి పనికొచ్చేది ఏటా వచ్చే మామూలు వానకు. గంటసేపు కురిసి వీధిని మోకాటి లోతు చేసే వాన ఉంది చూశారా, దానికి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. అదంతా డాబా తూము నుంచి చప్టా మీదికి, చప్టా నుంచి సైడు కాలువలోకి ఒకేసారి దూకుతుంది. అందులో సగాన్ని ఇంట్లోనే గంటా రెండు గంటలు పట్టి ఉంచినా వీధికి మేలే. నేల కింద ఆ తేమ ఇంకొన్నాళ్లు ఉంటుంది.

సింగపూర్ మడిని యథాతథంగా ఇక్కడ పెడితే మాత్రం మొదటి వేసవికే ఎండిపోతుంది. అక్కడ ఏడాదికి 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన, అదీ అన్ని నెలల్లోనూ. మనకు వెయ్యి చుట్టూ, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరులోపే. ఆ తర్వాత నెలల తరబడి చినుకు ఉండదు. కాబట్టి ఇక్కడి మొక్క వారం నీళ్లలో నిలబడాలి, ఆరు నెలలు దాహానికీ ఓర్చుకోవాలి. అలాంటివి నర్సరీలో ముందు వరసలో ఉండవు. కడియం నుంచి వచ్చే లారీల్లో రంగురంగుల ఆకులూ, చుట్టలు చుట్టిన గడ్డి చాపలే ఎక్కువ. వట్టివేరు, వావిలి, గన్నేరు, కానుగ అడిగితే "ఇవా?" అన్నట్టు చూశాడు కుర్రాడు. ఇవన్నీ ఏటి గట్లనో కాలువ కట్టలనో ఎవరూ నీళ్లు పోయకుండా బతికేవే. గన్నేరు విషం, పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు.

ఇక మట్టి. మా బాబాయి వాళ్లది బంక నేల. అడుగు లోతు గుంట తీసి, ఒకసారి నీళ్లు పోసి ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూశాం. సాయంత్రానికి నాలుగు వేళ్లు కూడా దిగలేదు. ఇలాంటి మట్టిలో కాస్త ఇసుక కలిపితే సరిపోతుందంటాడు మేస్త్రి. ఎండాక అది ఇటుకలా బిగుస్తుంది. ఆ మట్టిని పూర్తిగా తీసేసి ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు కలిపి నింపాం, అడుగున కంకర వేసి చిల్లుల పైపు పెట్టాం. నల్లమట్టి తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది కనుక పునాదికి మూడు మీటర్ల దూరం ఉంచాం. చిన్న స్థలంలో ఆ దూరం దొరక్క తోట ఒక మూలకు పోయింది. అందం కొంత తగ్గింది.

పిన్నికి అందం సంగతి పట్టలేదు. ఆవిడ అడిగింది ఒకటే: "వాకిలంతా తవ్వేస్తే ముగ్గెక్కడ వేయను?" గుమ్మం ముందు చప్టా అలాగే వదిలేశాం. సంక్రాంతికి ముగ్గు పట్టేంత. మిగతా చప్టా పగలగొట్టించాం. మడి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు పరిచాం, మేలో నేల పగలకుండా. ఊడ్చి తగలబెట్టే అలవాటు ఒక్క రోజులో పోదు. రెండో నాడే పీచు సగం చెత్త బండెక్కింది. మళ్లీ తెప్పించాం.

అసలు చిక్కు రోడ్డుతో వచ్చింది. వేసినప్పుడల్లా పాత పొర మీదే కొత్త పొర వేసి, ఇప్పుడది ఇంటి వాకిలికన్నా ఎత్తుకు చేరింది. మడి నిండాక పొర్లే నీళ్లు బయటికి పోవాలంటే పైపు మూతి సైడు కాలువ నీటి మట్టానికి పైన ఉండాలి, లేకపోతే కాలువ నీళ్లే లోపలికి వస్తాయి. వచ్చే ఏడు మళ్లీ రోడ్డు వేస్తారని వీధిలో మాట. అందుకే మడిలో ఏటవాలుగా లేచిన పైపుకు అడుగున ఎల్బో, అంటే మలుపు ముక్క, పెట్టించి, దానికి అతికించే సొల్యూషన్ పూయవద్దని ప్లంబర్‌కు చెప్పాను. రోడ్డు ఎత్తు పెరిగితే బాబాయి దాన్ని చేత్తో తిప్పి పైపు మూతిని కాస్త పైకి లేపుకుంటాడు.