ఎన్ని పొరలో తెలిసింది సరే, ఎలా పేర్చుకున్నాయో చూశారా?

మా గచ్చిబౌలి వైపు టూ-డీ మెటీరియల్స్ (కొన్ని పరమాణువుల మందమే ఉండే పదార్థాలు) మీద పనిచేసే జూనియర్లు ఫ్లేక్ (పలుచని పెచ్చు) దొరకగానే అడిగేది ఒకటే, "అక్కా, ఇది మోనోలేయరా, బైలేయరా?" ఒక పొరా, రెండు పొరలా అని అడగాల్సిందే. మాలిబ్డినం డైసల్ఫైడ్ అయితే రామన్‌లో (లేజర్ వేసి, చెదిరిన వెలుగుని బట్టి పరమాణువుల కదలికలు పట్టే కొలత) రెండు ముఖ్యమైన పీకుల మధ్య దూరం 18-19 వేవ్‌నంబర్లుంటే (ఆ కొలతలో వాడే యూనిట్) ఒక పొర, 25 దాకా వెళ్తే బల్క్ (చాలా పొరలున్న దిమ్మ), అక్కడితో తేలిపోతుంది. కానీ ఆ పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయో కూడా తేల్చకుండా డివైస్ చేయడం మొదలుపెడితే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇడ్లీ రేకులు పేర్చేటప్పుడు గుంట మీద గుంట రాకుండా తిప్పి పెడతాం కదా, 2హెచ్ అనే పేర్పులోనూ పై పొర కింది పొర మీద తిరిగి కూర్చుంటుంది. 3ఆర్ అనే పేర్పులో అన్నీ ఒకే దిక్కున ఉండి కాస్త పక్కకి జరుగుతాయంతే. మైక్రోస్కోప్ కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే సెకండ్ హార్మోనిక్ (వేసిన లేజర్‌కి సగం తరంగదైర్ఘ్యంలో తిరిగొచ్చే వెలుగు) చూడమంటాను: 800 నానోమీటర్ల లేజర్ వేస్తే 400 దగ్గర వెలుగు రావాలి, 2హెచ్ బైలేయర్‌లో రెండు పొరల సిగ్నల్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని దాదాపు ఏమీ రాదు, 3ఆర్‌లో మాత్రం కలిసిపోయి ఒక పొర కంటే సుమారు నాలుగింతలు వస్తుంది. మంచి ఫిల్టర్లుంటే 50 వేవ్‌నంబర్ల కింద రామన్ కూడా చూడండి, పొరలు ఒకదానిమీద ఒకటి జారే కదలికలు కనిపించేది అక్కడే.

మూడు పొరల గ్రాఫీన్‌తో (ఇది కార్బన్ పొర) ఇంకా జాగ్రత్త. టేప్‌తో తీసిన ఫ్లేకుల్లో ఏబీసీ పేర్పు (మూడు పొరలూ మూడు వేర్వేరు స్థానాల్లో) సుమారు 15 శాతమే, అదీ ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు, అంటే ఫ్లేక్‌ని వేరే చోటికి మార్చేటప్పుడు, ఏబీఏలోకి (మూడోది మొదటిదానికి సరిగ్గా పైన) జారిపోవచ్చు, కాబట్టి ట్రాన్స్‌ఫర్ అయ్యాక మళ్లీ కొలవాల్సిందే, ముందు తీసిన మ్యాప్‌ని నమ్ముకుని కూర్చోవద్దు.

లోపాల సంగతి వేరు. స్టెమ్‌లో (ఎలక్ట్రాన్ బీమ్‌తో చూసే మైక్రోస్కోప్) మాలిబ్డినం (పరమాణు సంఖ్య 42) బాగా మెరుస్తుంది, సల్ఫర్ (16) మసకగా ఉంటుంది, ఎక్కడ సల్ఫర్ లేదో కంటికి తెలుస్తుంది. అయితే 80 కిలోవోల్టుల దగ్గర బీమే సల్ఫర్ పరమాణువుల్ని తన్ని పడేయగలదు, అందుకే 60కి దించమంటాను. అప్పుడు కూడా మొదటి ఫ్రేమ్‌నీ తర్వాతివాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఖాళీలు పెరుగుతూ పోతున్నాయంటే మొదటి ఫ్రేమ్‌లోవి మాత్రమే లెక్కపెట్టండి.