ఎవరిలో 100 శాతం?

మా చెల్లి అకౌంటింగ్ డిగ్రీ కోసం కాలేజీలు వెతుకుతుంటే నా పాత తప్పు గుర్తొచ్చింది. నేను చేరేటప్పుడు చూసింది ఒక్కటే, బ్రోషర్ మీద "100 శాతం ప్లేస్‌మెంట్" అన్న పెద్దక్షరాలు. ఎవరిలో 100 శాతం అని అడగలేదు. ప్లేస్‌మెంట్‌కి పేరు ఇచ్చినవాళ్లనే లెక్కేశారని తర్వాత తెలిసింది, వాళ్లకి వచ్చినవాటిలో చాలావరకు సేల్స్ ఉద్యోగాలే. లెక్కల చదువుకి వెళ్తూ లెక్క అడగలేదు చూడండి!

అందుకే చెల్లికి వేరే ప్రశ్నలు రాసిచ్చా. పోయినేడు పాసైనవాళ్లలో ఆడిట్, ట్యాక్స్ పనుల్లో ఎంతమంది చేరారు? ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు? డిగ్రీకి ఏసీసీఏ (బ్రిటన్ సంస్థ ఇచ్చే అకౌంటింగ్ ప్రొఫెషనల్ అర్హత) గుర్తింపు ఉందా? ఈ చివరిది చిన్న విషయం కాదు. నేను ఆ పరీక్షలు రాసే నాటికి ఏసీసీఏలో 13 పేపర్లు. గుర్తింపున్న డిగ్రీ అయితే 9 దాకా మినహాయింపు దొరికేది. నాకు ఈ సంగతి డిగ్రీ చేతికొచ్చాక తెలిసింది. వేరే కాలేజీ నుంచి వచ్చిన స్నేహితుడు 4 పేపర్లతో గట్టెక్కుతుంటే, నేనింకా మొదటి మెట్టు మీదే ఉన్నా.

మొదటి ఇంటర్వ్యూ సంగతి సరేసరి. బ్యాంకు స్టేట్‌మెంట్, క్యాష్ బుక్ ముందు పెట్టి రీకన్సిలియేషన్, అంటే రెండింటి లెక్కల్లో తేడాలు పట్టి సరిచూడడం, చేయమన్నారు. థియరీలో మంచి మార్కులే, కానీ ఎక్సెల్ తెరిచాక టెన్షన్‌తో చేతులు ఆడలేదు.

నిన్న చెల్లి ఒక కాలేజీకి ఫోన్ చేసి ఇవే అడిగితే, "చేరాక అన్నీ చెప్తాం కదమ్మా" అన్నారట. ఫోన్ పెట్టేసి, లిస్టులో ఆ పేరు కొట్టేసింది.