ఐదు పిన్నుల తేడా

17 జనవరి 2026, శనివారం రాత్రి

పండగకి అత్తారింటికి వెళ్ళి నిన్న సాయంత్రమే తిరిగొచ్చాం. అరిసెల డబ్బాతో పాటు ఈసారి ఒక కళ్ళజోడు డబ్బా కూడా వచ్చింది. అందులో దూదిలో చుట్టిన ప్రాసెసర్, అంటే కంప్యూటర్ మెదడు. మా బామ్మర్ది వాళ్ళ ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. "బావా, ఐ5 ఇది. మీ ఐ3 పీకేసి ఇది పెట్టెయ్, అక్క తిట్లు తప్పుతాయి" అన్నాడు.

తిట్లకి కారణం ఉంది. మా ఆవిడ ఇంట్లోనే కూర్చుని నాలుగు షాపుల లెక్కలు రాస్తుంది. ప్రతి నెలా 20లోపు జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్ను వెయ్యాలి. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ మూడూ తెరిచిందంటే మౌస్ బాణం ఉన్నచోటే కూలబడుతుంది. మా డెస్క్‌టాప్ 2012లో కొన్నది, ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-2120, రెండు కోర్లు, అంటే పనిచేసే చేతులు రెండే. వేగంగా నడిచే డిస్కు, ఎస్‌ఎస్‌డీ, ఎప్పుడో వేశాను, ర్యామ్ 8 జీబీ ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎర్రబడేది ఒక్క సీపీయూ గడే, అంటే ప్రాసెసర్‌దే, 100 దగ్గర అతుక్కుపోయి.

పొద్దున కాఫీ తాగి క్యాబినెట్ విప్పాను. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ కింద పేస్టు ఎండి గోడసున్నంలా రాలింది. కరోనా నాటి స్పిరిట్ సీసా అడుగున కొంచెం మిగిలి ఉంటే దూదితో తుడిచి, ఐ3 తీసి, బామ్మర్ది ఐ5ని బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీద పెట్టాను. కూర్చోలేదు. ప్రాసెసర్ అంచుల్లో రెండు చిన్న గాట్లు ఉంటాయి, సాకెట్‌లో వాటికి సరిపడా రెండు బొడిపెలు. ఇవి వాటి మీదకి రావడం లేదు. నొక్కి చూద్దామన్న దుర్బుద్ధి ఒక్క క్షణం పుట్టింది కానీ, ఇంటెల్‌లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి. ఒకటి వంగిందంటే బోర్డే పోయినట్టు. వెలుతురులోకి తెచ్చి చదివితే ఐ5-4570. నాలుగో తరం, 1150 సాకెట్. నాది 1155. ఐదే పిన్నులు తేడా, కానీ ఇద్దరికీ సంబంధం కుదరదు.

అప్పుడు చెయ్యాల్సిన పని చేశాను. బోర్డు మీద అచ్చు వేసిన మోడల్ పేరుకి ఫోన్‌లో ఫొటో తీసి, తయారీదారు పెట్టిన ప్రాసెసర్ల పట్టిక వెతికాను. బోర్డు హెచ్61 చిప్‌సెట్‌ది, పట్టికలో ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు రెండూ ఉన్నాయి. ఐ5-2400 పెట్టొచ్చు, కానీ దాని వేడి 95 వాట్లు. ఐ7-2600 కూడా అంతే. మూడో తరంలో ఐ5-3470, ఐ7-3770 రెండూ 77 వాట్లే. నా దగ్గరున్నది 65 వాట్ల ఐ3తో వచ్చిన బుల్లి కూలర్. మే నెలలో మా గదిలో ఫ్యాను కింద మనిషికే ఊపిరాడదు, కాబట్టి 95 వద్దనుకున్నాను. ఐ7కి ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనులు అందుకుంటుంది, ఆశ కలిగింది. కానీ ట్యాలీకి ఎనిమిది థ్రెడ్లెందుకు, ధర చూస్తే రెండింతలు. నాలుగు కోర్ల 3470 చాలు.

కంప్యూటర్ సామాన్ల షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాను. మూడో షాపులో దొరికింది, 1,200. మూత మీద ఎస్‌ఆర్0టీ8 అని ఉందో లేదో చూసుకున్నాను, 3470 కోడ్ అదే. "గ్యారంటీ ఏం లేదన్నా, వారంలోపు నడవకపోతే తెచ్చెయ్" అన్నాడు కుర్రాడు. పేస్టు ట్యూబు ఇంకో వంద.

ఇంటికొచ్చి కందిగింజంత పేస్టు పెట్టి, కూలర్ నాలుగు పుల్లల్ని ఎదురెదురుగా టిక్కుమని నొక్కి, ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ర్యామ్ తీసి పెట్టాను, ఇంకో కేబుల్ మార్చాను, మానిటర్‌ని కూడా అనుమానించాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ, మంగళవారం 20" అని ఒక్క మాట అంది. కుర్రాడిని తిట్టుకుంటూ పట్టిక మళ్ళీ తెరిచాను. పేరు ఉంది, సాకెట్ ఉంది. కుడివైపు చివరి గడిలో, పొద్దున ఫోన్ తెరలో పట్టక నేను జరిపి చూడని గడిలో, ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంది. బయోస్ అంటే ఆన్ చెయ్యగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్. నాది 2011 నాటి బయోస్. మూడో తరం వచ్చిందే 2012లో. పుట్టని పిల్లాడిని అదెలా గుర్తుపడుతుంది?

మళ్ళీ 3470 తీసి, పేస్టు తుడిచి, పాత ఐ3నే కూర్చోబెట్టాను. తెర వెలిగింది. కొత్త బయోస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నాను. ఇక్కడ అసలు టెన్షన్. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చి ఊరుకుంటుంది, మా యూపీఎస్ బ్యాటరీ పోయి ఏడాదయింది. క్యాబినెట్‌ని హాల్లోకి ఈడ్చి, టీవీ పక్కన ఇన్వర్టర్ ప్లగ్గుకి పెట్టాను. ఆవిడ గ్రైండర్ ఆపేసి వచ్చి నిలబడింది. గీత నెమ్మదిగా నిండుతుంటే ఇద్దరం మాట్లాడలేదు. బహుశా మూడు నిమిషాలు. తర్వాత దానంతటదే రీస్టార్ట్ అయింది.

మూడోసారి పేస్టు. మూడోసారి నాలుగు పుల్లలు. ఈసారి తెర మీద ఐ5-3470 అని వచ్చింది.

ఇది ఎన్నాళ్ళ ముచ్చటో తెలిసే చేశాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు మొన్న అక్టోబరు 14తోనే అయిపోయాయి. ఏడాది పొడిగింపు పెట్టుకున్నాం, అదీ ఈ అక్టోబరు దాకానే. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే కిందవాటిని, ఒకటీ అరా తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. అయినా 1,300తో ఇంకో తొమ్మిది నెలలు గడిస్తే నాకు నష్టమేమీ కనిపించలేదు.

తొమ్మిదింటికి ఆవిడ మూడూ తెరిచి కూర్చుంది. మెచ్చుకోలేదు కానీ, రెండు షాపులవి పూర్తి చేసి లేచింది. అంతలో బామ్మర్ది ఫోన్.

"పెట్టావా బావా?"

"పెట్టాన్రా." ఏది పెట్టానో చెప్పలేదు.

"ఆ డబ్బా మాత్రం జాగ్రత్త. అమ్మ కళ్ళజోడు డబ్బా కనపడట్లేదని పొద్దున్నుంచీ ఇల్లంతా వెతుకుతోంది."